మూడో గడప

మా గోడలు మూరెడు మందం.
గనిలో పనికిరాదని పారేసిన రాతిపెచ్చుల్ని
మా తాత ఏరుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి
సందుల్లో సున్నం కూరాడు.
మార్కాపురం ఎండ కూడా లోపలికి రావాలంటే ఆలోచిస్తుంది.
ముందుగదిలో మేకుకు వేలాడే రౌటరు
మూడో గడప దాకా వచ్చి
చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోతుంది.

గడప అవతల షెడ్డు.
అందులో మా చెంచక్క
రోజుకు నాలుగొందల పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది.
పుట్టుచెవుడు. కోతమిషను రొద
ఆమెకు అరికాళ్లలోనే తెలుస్తుంది.
పలకలేనామె పలకలు చేస్తోందని
చెక్కలు తెచ్చే ఆటోవాడు నవ్వాడోసారి.
నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఆమె చూసింది.

సాయంత్రం ఆరింటికి పొదిలి నుంచి రమీజా.
ఒంగోలు బడి హాస్టల్లో పక్కపక్క మంచాలు వాళ్లవి.
సిగ్నలు తగ్గితే మనకు మాట గరగరమంటుంది,
అతుకులేసుకుని ఎలాగో అర్థం చేసుకుంటాం.
వాళ్లకు మాటంటే చెయ్యి.
బొమ్మ ఆగితే చెయ్యి గాల్లో ఆగిపోతుంది.
వచ్చాడంటోందో, పోయాడంటోందో,
ఆ వేళ్లు ఎటు తిరగబోయాయో.

మూడో గడప మీద నిలబడి
ఒక చేత్తో ఫోను పట్టుకుని
ఇంకో చేత్తో మాట్లాడేది.
ముందుగదికి రావచ్చుగా, సిగ్నలు బాగుంటుందిగా అన్నాను.
పలక తీసి రాసింది:
'అక్కడ మీరందరూ చూస్తారు.'

ఆ మాట రెండు రోజులు నా వెంట తిరిగింది.
మనకు గుసగుస ఉంది.
ఆమెకు గది కావాలి.

అటక మీద పాత రౌటరుంది, ఒక కొమ్ము విరిగింది.
కేబులాఫీసు ఖాజావలి ఫోన్లో చెప్పాడు:
'నీలం బొక్క జోలికి పోబాకన్నా, పసుపు దాంట్లో గుచ్చు.'
నీలం దాంట్లోనే గుచ్చాను.
చెవులున్నవాణ్ణి కదా.

మళ్లీ పసుపు.
ఈసారి ముందుగదిలోదీ తికమకపడింది.
రెండింటికీ చివర ఒకటే అంకెట!
మా వీధిలో 'మాలకొండయ్యా' అని పిలిస్తే
నాలుగు తలుపులు తెరుచుకున్నట్టు.
కొత్తదానికి ఒకటి ఉంచి పాతదానికి రెండు వేశాను.
వచ్చిన ఫోనుకల్లా నంబరిచ్చే పెత్తనం
పాతదాని దగ్గర తీసేశాను.
'చీటీలు రాసేవాడు ఒక్కడే ఉండాలన్నా,
రేషన్ షాపులో మాదిరి.'
పేరు మాత్రం రెండింటికీ ఒకటే, తాళమూ ఒకటే.
నడిచే దారులు వేరు:
దీనికి ఒకటో నంబరు, దానికి పదకొండు,
ఒకరి మాట మీద ఒకరు పడకుండా.

మిషను బల్ల పైన, సుద్దపొడి అందనంత ఎత్తులో
పాత రౌటరు కూర్చుంది.
ఒంటికొమ్ముతో, ఆకుపచ్చ కళ్లతో.

ఆరయింది.
పలకల దొంతరకు ఫోను ఆనించి
చెంచక్క రెండు చేతులూ పైకెత్తింది.
అంత వేగంగా ఆమె మాట్లాడగలదని నాకు తెలీదు.
నలభయ్యేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం.
తలుపు దగ్గరికి వేసింది.
సందులోంచి చూడబోయాను.
చెవి ఆనించి వినడం తప్పయితే
ఇదీ అదేగా అనిపించి వచ్చేశాను.

ఏడింటికి పలక పట్టుకొచ్చింది.
మెచ్చుకుంటుందేమో అనుకున్నా.
'వైరు అడ్డం. తలుపు పూర్తిగా పడటం లేదు.
గోడకు బెజ్జం వెయ్.'

పొద్దున్నే తాత గోడకు డ్రిల్లు పెట్టాను.
రాయి పొరలు పొరలుగా రాలుతోంది,
నల్లగా, ఎవరూ ఏమీ రాయని పలకల్లా.
అవతల చెంచక్క అరచెయ్యి ఆనించి నిలబడింది.
బెజ్జం ఎటు వస్తోందో
నాకంటే ముందు ఆమెకే తెలుస్తోంది.
నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు
గోడ మీద రెండుసార్లు తట్టింది.

ఇంకాస్త కిందికి.